ముల్లు దిగితే నిండినట్టు

మద్రాసు పెరంబూరు ప్రాంతంలో, ఓట్టేరి వాగుకు కొంచెం ఎగువన, మేము పుట్టి పెరిగిన వీధి చివర ఒక నూలు మిల్లు ఉండేది. దానికి గుండ్రని పొగగొట్టం ఒకటి, ఆ పక్కనే నలుచదరంగా కట్టిన ఇటుక టవరు ఒకటి ఉండేవి. ఊరివాళ్లు దారి చెప్పేటప్పుడు పొగగొట్టాన్నే ఆనవాలు పట్టేవారు. మా ఇంట్లో మాత్రం టవరుదే పెద్దరికం, ఎందుకంటే మా నాయన పనిచేసింది అందులోనే. దాని నెత్తిన రివెట్లు కొట్టిన ఇనుప రేకుల తొట్టి ఉండేది, తొట్టి ముందు వీధికి ఎదురుగా ఎనిమిదడుగుల పొడవున నల్లబల్ల ఒకటి నిలువుగా బిగించి ఉండేది, ఆ బల్ల మీద తెల్లరంగుతో అంకెలు, అంకెల పక్కన పైకీ కిందికీ కదిలే ఒక ఇనుప ముల్లు ఉండేవి. ఎండ బాగా కాసే రోజుల్లో మా మేడ మీది నుంచి ఆ అంకెలు చదవగలిగేదాన్ని. అక్షరాలు పూర్తిగా రాకముందే నాకు ఆ ఎనిమిది అంకెలూ వచ్చు.

అయితే వాటిని నేను చాలా రోజులు తలకిందులుగా అర్థం చేసుకున్నాను. ముల్లు పైన ఉంటే నీళ్లు పైదాకా ఉన్నట్టు, కిందికి జారితే అయిపోయినట్టు అనుకునేదాన్ని. ఒక సాయంత్రం ముల్లు ఏడో అంకె దగ్గర, అంటే బల్ల అడుగున ఉండటం చూసి, నీళ్లు అయిపోయాయని ఏడుస్తూ నాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన నవ్వలేదు. ఒక బిందె తెచ్చి, అందులో ఖాళీ కొబ్బరి చిప్పను వేసి, చిప్పకు కట్టిన దారాన్ని తలుపు గడియ మీదుగా ఇవతలికి తెచ్చి, కొసకు ఒక తాళంచెవి వేలాడదీశాడు. బిందెలో చెంబెడు చెంబెడు నీళ్లు పోస్తూ ఉంటే చిప్ప పైకి తేలింది, తాళంచెవి కిందికి దిగింది. "ముల్లు దిగితే నిండినట్టు, ఎక్కితే వట్టిపోయినట్టు. నిండింది ఎప్పుడూ కిందికే చూస్తుంది, అమ్మా" అన్నాడు. అప్పటి నుంచి బడికి వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ముల్లు చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఆ నీళ్లు తాగడానికి కాదు, మగ్గాలకు కాదు, రంగుల తొట్లకు కూడా కాదు. అవి నిప్పు కోసం ఎదురుచూసే నీళ్లు. దూది మిల్లులో నిప్పు ఎంత తేలికగా పుడుతుందో చెప్పాలంటే బేళ్లు విప్పే బ్లో రూము నుంచే మొదలుపెట్టాలి. బేలులో ఎక్కడో చిక్కుకున్న ఒక మేకు ముక్కో, బేలును బిగించిన ఇనుప పట్టీ తునకో, దూదిని చీల్చి కొట్టే బీటరుకు తగిలితే చాలు, ఒక్క రవ్వ లేస్తుంది, ఆ రవ్వ గాలిలో తేలే నూగును పట్టుకుంటే నిమిషాల్లో గది గదంతా అంటుకుంటుంది. అందుకే పాత మిల్లుల్లో పైకప్పు పొడవునా నీటి గొట్టాలు పరిచి, వాటికి కొన్ని అడుగులకొక ఇత్తడి స్ప్రింక్లర్ బిగించేవారు. దాని మూతిని మూసి ఉంచేది ఒక చిన్న లోహపు అతుకు మాత్రమే. చుట్టూ వేడి సుమారు 70 డిగ్రీలకు చేరితే ఆ అతుకు కరిగి ఊడిపోతుంది, పైన తొట్టిలో ఉన్న నీళ్లు తమంతట తామే కిందికి దూకుతాయి. కరెంటు పోయినా, పంపు ఆగినా, మనిషి నిద్రపోయినా నీళ్లు తమ బరువును మరచిపోవు కదా. పది మీటర్ల ఎత్తున్న నీటికి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మా తొట్టి ఎనభై అడుగుల మీద ఉండేది కాబట్టి నేల అంతస్తులోని గొట్టాల్లో ఆ ఒత్తిడి రెండు కిలోలు దాటేది. టవరు అంత ఎత్తుగా కట్టింది అందుకోసమే.

నాయన ఉద్యోగం, ఒక్కమాటలో చెప్పాలంటే, ఆ ముల్లును ఏడడుగుల గీత మీద నిలిపి ఉంచడం. పంపు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి, ఏ వాల్వు బిగుసుకుంది, ఏ గొట్టం చెమర్చింది, ఇవన్నీ చూసి ప్రతి షిఫ్టుకూ పుస్తకంలో రాసి సంతకం పెట్టడం. వినేవారికి ఇది తేలిక పనిలా తోస్తుంది. ఆయన ఈ పనికి రాకముందు పదకొండేళ్లు బ్లో రూములో చేశాడు. ఆదివారం సెలవు తరువాత సోమవారం నాడు ఛాతీ పట్టేసి, ఊపిరి అందక, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడని అమ్మ చెప్పేది. దూది దుమ్ము పీల్చేవారికి వచ్చే బిసినోసిస్ అనే జబ్బు తీరు అదే, సెలవు మరునాడే ఎక్కువగా పట్టుకుంటుంది. దగ్గు ముదిరాకే ఆయనను టవరుకు మార్చారు. పైన గాలి ఉంటుంది, సముద్రం గాలి, అని ఆయన ఎప్పుడూ అనేవాడు. దీపావళి రాత్రి మాత్రం ఆయన మాతో ఉన్న ఒక్క ఏడాదీ నాకు గుర్తు లేదు. ఊరంతా తారాజువ్వలు ఎగిరే రాత్రి బేళ్ల గోదాముల మీద ఒక్క నిప్పురవ్వ పడినా ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి, తొట్టి పక్కన ఇనుప వసారాలో కూర్చుని తెల్లవార్లూ ఆకాశం చూసేవాడు. మేము మేడ మీద కాకరపువ్వొత్తులు వెలిగించి ఆ వైపు ఊపేవాళ్లం. ఆయన టార్చిలైటు మూడుసార్లు వెలిగించి ఆర్పేవాడు.

మా తాత నెల్లూరు జిల్లా తీరం నుంచి బకింగ్‌హామ్ కాలువ మీద సరుగుడు కట్టెల పడవలో వచ్చి బేసిన్ బ్రిడ్జి దగ్గర దిగాడట. 1876-78 నాటి పెద్ద కరువులో కూలి పనిగా తవ్వించిన భాగాన్ని కలుపుకుని, అప్పటి గవర్నరు పేరు పెట్టిన కాలువ అది. ఆ కాలువ పొడవునా తెలుగు నేల నుంచి మద్రాసుకు కట్టెలూ బియ్యమే కాక మనుషులూ వచ్చారు. వచ్చినవారిలో ఎంతో మంది పెరంబూరు, చూలై, పులియాంతోపు మిల్లుల్లో చేరారు. ఆ చుట్టుపక్కల అన్నిటికీ పెద్దది బిన్నీ వారి మిల్లు, 1876లో బకింగ్‌హామ్ మిల్లుగా మొదలై, తరువాతి దశాబ్దంలో వచ్చిన కర్నాటిక్ మిల్లుతో 1920లో కలిసి, ఖాకీ గుడ్డకు దేశమంతటా పేరు తెచ్చుకున్నది. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది ఆ మిల్లు కార్మికుల నడుమే. దాన్ని నడిపిన నాయకులుగా బి.పి. వాడియా పేరు, తిరు.వి.క. పేరు అందరూ తలుచుకుంటారు. ఆ యూనియన్‌కు పునాది వేసిన ఇద్దరు స్థానికుల్లో సెల్వపతి చెట్టియారుతో పాటు రామానుజులు నాయుడు ఉన్నాడని మా తాత ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు, తన సొంత అన్నను గురించి చెప్పినట్టు.

మా మిల్లు అంత పెద్దది కాదు, అంత పేరున్నదీ కాదు. 1996లో బిన్నీ మిల్లు మూతపడటానికి రెండేళ్ల ముందే మాది ఆగిపోయింది. ఒక రోజు పొద్దున ఆరింటికి సంగు మోగలేదు. మిల్లు కూతను మా పెరంబూరులో తెలుగువాళ్లం కూడా అరవం మాటతో సంగు అనే అంటాం. దానికి లేచి పొయ్యి వెలిగించే ఇళ్లు ఆ రోజు ఆలస్యంగా లేచాయి. రావలసిన డబ్బు గురించి ఇక్కడ రాయను, అది చాలా ఇళ్లలో జరిగిన కథే. నేను రాయాలనుకున్నది ముల్లును గురించి. పంపు ఆగిపోయిన నాటి నుంచి అది రోజూ కొంచెం కొంచెం పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కడో చిన్న కారుడు ఉండి ఉంటుంది, మిగిలింది ఎండ తాగేది. నాయన అరుగు మీద కూర్చుని దాన్ని చూసేవాడు. ఆరు, అయిదున్నర, అయిదు. వానలు పడ్డప్పుడు ఒక జానెడు దిగేది, ఆ రోజు ఆయన అన్నం కాస్త ఎక్కువ తినేవాడు. రెండో వేసవి వచ్చేసరికి ముల్లు సున్నా దగ్గరికి చేరి ఆగిపోయింది. ఆ తరువాత నాయన అరుగు మీద కూర్చునే దిక్కు మార్చుకున్నాడు.

నేను ఆ టవరు ఎక్కింది 2003 మే నెలలో. అప్పటికి సివిల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాను. ఆ ఏడాది మద్రాసులో ఎండ కన్నా నీళ్ల కరువు ఎక్కువ బాధపెట్టింది. నగరానికి నీళ్లిచ్చే చెరువులు అడుగంటాయి, తెలుగుగంగ కాలువ ద్వారా 1996లో తొలిసారి పూండి జలాశయం చేరిన కృష్ణ నీళ్లను తలుచుకోవడం తప్ప మా వీధికి మిగిలింది లారీ నీళ్లే. రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు పొద్దున నాలుగింటి నుంచే వరుసలో ఉండేవి. మా మేనమామ పాత ఇనుము వ్యాపారం చేసేవాడు. మిల్లును కూల్చే కాంట్రాక్టరు దగ్గర టవరు మీది తొట్టిని, గొట్టాలను కొనాలని ఆయనకు ఆలోచన కలిగి, కొలతలు తీసి బరువు అంచనా కట్టమని నన్ను తోడు రమ్మన్నాడు. "మీ నాయనకు చెప్పకు. పైకి ఎక్కుతానంటే ఆపలేం, ఎక్కనివ్వనూ లేం" అన్నాడు. నేను చెప్పలేదు.

వాచ్‌మన్ గేటు తీశాడు. యంత్రాలు ఎప్పుడో పోయాయి, నేల మీద అవి నిలబడిన చోట బోల్టుల వరుసలు మాత్రం మిగిలాయి. టవరు తలుపు బ్లో రూములోకే తెరుచుకుంటుంది. లోపల సగం మెట్లకు, సగం దుమ్ము గదికి. దూది నుంచి వచ్చే దుమ్మును ఫ్యాను తోసి పంపితే, అది ఆ పొడవాటి గదిలో నెమ్మదించి కింద పేరుకునేది. మధ్య గోడకు ఒక చిన్న కిటికీ ఉంది. టార్చి వేసి చూశాను. తొమ్మిదేళ్లుగా ఎవరూ ముట్టని నూగు, బూడిద రంగు కంబళిలా గోడలకు అరచేతి మందాన అంటుకుని ఉంది. వేలితో తాకితే ఒక పెద్ద ముక్క చప్పుడు లేకుండా ఊడి చీకట్లోకి పోయింది. నాయన పదకొండేళ్లు పీల్చింది దాన్ని. నేను కొంగు ముక్కుకు కట్టుకుని, అక్కడ ఎక్కువసేపు నిలబడలేక మెట్ల వైపు తిరిగాను.

నూట ఇరవై మెట్లు, ఒక్కొక్కటి ఎనిమిదంగుళాలు. అంచులు అరిగిపోయాయి, అరుగుదల అన్నిచోట్లా ఒకే వైపు, గోడ పక్కకు. ఎక్కేవాడు చేయి గోడకు ఆనించి ఎక్కేవాడని అది చెబుతోంది. నలభయ్యో మెట్టు దగ్గర రావి మొక్క వేరు ఇటుకల మధ్య దూరి గోడను బొటనవేలు పట్టేంత చీల్చింది, ఆ సందులోంచి వెలుగు పడుతోంది. సున్నపు గారతో కట్టిన గోడ కాబట్టి అది పగలకుండా ఒదిగిందని నాకు తోచింది. సిమెంటు అయితే అంత ఓర్పు చూపేది కాదు. (తరువాత కూల్చినప్పుడు కూడా ఆ సున్నం వల్లనే ఇటుకలు ఒక్కటీ విరగకుండా ఊడి వచ్చాయి, వాటిని ఇళ్లకు కొనుక్కుపోయారు.) పైన ఒక గుడ్లగూబ మా అలికిడికి లేచి, రెక్కల చప్పుడు ఏమాత్రం వినిపించకుండా మా తలల మీదుగా కిందికి దిగిపోయింది. మామయ్య భయపడి గోడకు అంటుకున్నాడు. నేను భయపడలేదు, టవరులో ఒక గుడ్లగూబ ఉందని నాయన చెప్పేవాడు, అదే అయి ఉంటుందని, కాకపోతే దాని పిల్ల అయి ఉంటుందని అనుకున్నాను.

తొట్టి చుట్టూ ఇనుప వసారాలో నిలబడితే మద్రాసు కనిపించే తీరు వేరు. తూర్పున హార్బరు క్రేన్లు, వాటి వెనుక గీత గీసినట్టు సముద్రం. దక్షిణాన సెంట్రల్ స్టేషను ఎర్రటి గడియారపు బురుజు, దాని పక్కన రిప్పన్ భవనం తెలుపు. పడమటి వైపు పెరంబూరు రైల్వే వర్క్‌షాపుల రేకుల కప్పులు వరుసగా. మా తాత దిగిన కాలువ నల్లని తాడులా బేసిన్ బ్రిడ్జి దగ్గర పట్టాల కిందికి దూరుతోంది. కింద మా వీధి, మా మేడ, మేము కాకరపువ్వొత్తులు ఊపిన పిట్టగోడ. అక్కడి నుంచి మేము ఎంత చిన్నగా కనిపించి ఉంటామో ఆ రోజు తెలిసింది. ఆ గోడ అరచేతిలో పట్టేంత ఉంది. అయినా ఆయన మమ్మల్ని పోల్చుకుని మూడుసార్లు లైటు వెలిగించేవాడు. మా ఇంటి ముందు నీళ్ల లారీ ఆగి ఉంది, బిందెల వరుస మలుపు దాటింది.

తొట్టి పదహారడుగుల పొడవు, పదహారడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల లోతు. పావు అంగుళం రేకు. పైన కప్పిన చెక్కలు సగం కూలాయి. లెక్క వేస్తే రేకు మూడున్నర టన్నులు వచ్చింది, అడుగున బిగించిన కోణాలు, లోపలి ఊతకమ్ములు వేరే. నిండితే పట్టే నీళ్లు సుమారు యాభై ఎనిమిది వేల లీటర్లు, అంటే యాభై ఎనిమిది టన్నులు. కాగితం మీద ఆ రెండు అంకెలను పక్కపక్కన రాసినప్పుడు నాకు మొదటిసారి ఆ గోడలు అంత మందంగా ఎందుకు ఉన్నాయో చదువుగా కాక నిజంగా తెలిసింది. ఇనుముకు పదహారింతల బరువును ఆ ఇటుకలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాయి, రాత్రీ పగలూ, ఒక్క కుటుంబం అన్నం తినేంత జీతం తీసుకునే మనిషి కాపలాలో.

లోపలి నిచ్చెన దిగాను. అడుగున బురద ఎండి పెంకులుగా విచ్చింది. పావురాల ఈకలు, ఒక గూడు, ఒక మూల నీలిపచ్చ చిలుము పట్టిన రాగి బుంగ. పెద్ద గుమ్మడికాయంత ఉంది. దాని మెడకు కట్టిన గొలుసు పైకి వెళ్లి, రెండు కప్పీల మీదుగా తొట్టి అంచు దాటి బయటికి పోతోంది. వసారాలో నుంచి మామయ్య వంగి చూసి, "రాగే కదా? ఎత్తి చూడు, ఎన్ని కిలోలుంటుందో" అన్నాడు. రెండు చేతులా పట్టి ఎత్తాను. అనుకున్నంత బరువు లేదు. నేను మోస్తున్నది సగమేనని, మిగతా సగాన్ని గొలుసుకు ఆవలి కొసన ఇంకేదో లాగుతోందని చేతులకు తెలిసింది. రేకు వెనుక కీచుమని చప్పుడైంది. మామయ్య గొంతు మారిపోయింది. "అమ్మాయ్, బయట ముల్లు కదుల్తోంది."

ఆ మాట వినగానే నేను బుంగను దించలేదు. కొబ్బరి చిప్ప, తలుపు గడియ, తాళంచెవి కళ్ల ముందు మెదిలాయి. కప్పీలు గన్‌మెటల్‌వి కావడం వల్లనేమో తుప్పుకు బిగుసుకోలేదు. బుంగను గుండెల దాకా ఎత్తాను, తలకు పైకి ఎత్తాను, అది చాలక నిచ్చెన రెండు మెట్లు ఎక్కి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో ఇంకా ఎత్తాను. "నాలుగు... అయిదు... ఆరు దాటింది... ఏడు" అని మామయ్య చదువుతున్నాడు, ఇనుము మాట మరచిపోయి. కీళ్లు వణుకుతున్నా కాసేపు అలాగే నిలిపాను. వట్టి తొట్టిలో, ఎండిన బురద మీద, ఊరంతా చుక్క నీటికి వరుసలో నిలబడిన పూట, మా వీధి మీద ముల్లు ఏడడుగులు నిండినట్టు చూపించింది. తరువాత మెల్లగా దించాను. మామయ్య రాగి బరువు సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇంటికి వచ్చేసరికి లారీ వెళ్లిపోయింది. నాయన అరుగు మీద ఉన్నాడు. చాలా ఏళ్ల తరువాత మిల్లు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నా చేతుల నిండా చిలుము, ముఖం మీద బూజు, కొంగుకు తుప్పు మరకలు. దాచడానికి ఏమీ లేదు.

"తొట్టిలో దిగింది నువ్వేనా?" అన్నాడు.

"అవును నాయనా."

"బుంగకు సొట్టలు పడ్డాయా?"

"లేదు. బాగానే ఉంది."

కాసేపు ఏమీ అనలేదు. ఊపిరి కుదుట పడేదాకా ఆగి, "ఏడు దాటనిచ్చావు. నాలుగంగుళాలు దాటింది. ఏడు దాటితే గాలికి అంచు మీద నుంచి చిమ్ముతుంది, కింద గోడ నానుతుంది. ఏడు దగ్గరే ఆపాలి" అన్నాడు.

"ఈసారి ఆపుతాను" అన్నాను.

ఆ పూట మాకు దొరికినవి రెండు బిందెలు. అమ్మ లోపలి నుంచి వద్దు వద్దని అంటూనే ఉంది. నాయన ఒక బిందె మూత తీసి, చెంబు ముంచి, నన్ను అరుగు అంచున కూర్చోబెట్టి, నా చేతుల మీద తానే నీళ్లు పోశాడు.